పన్నెండో ట్యాంకర్

మా సైన్యం పంపితే గల్ఫ్‌లోని ఒక స్థావరంలో ఉదయం తొమ్మిదింటికి దిగాను. అప్పటికే నలభై రెండు డిగ్రీలు. మా ఊరు పామర్‌స్టన్ నార్త్‌లో చలికి వేసుకున్న జాకెట్‌ను చంకలో పెట్టుకుని నడిచాను. మా గది కిటికీల్లేని కంటైనర్. లోపల ఏసీ, మూడు తెరలు, ఒక హెడ్‌సెట్. నా ఆరు నెలల యుద్ధమంతా ఆ కుర్చీలోనే జరిగింది. తుపాకీ ఇచ్చారు గానీ ఒక్కసారీ పేల్చలేదు. వీరగాథలు చెప్పమనేవాళ్లకు ఇది ముందే చెబుతున్నాను.

శత్రువు చమురు అమ్ముకుని యుద్ధం చేస్తున్నాడు. ఆ చమురు మోసే ట్యాంకర్లను మా కూటమి విమానాలు పేల్చేసేవి. డ్రైవర్లు మాత్రం కూలికి వచ్చిన మామూలు మనుషులు. అందుకని ముందు ఒక విమానం నేలకు దగ్గరగా మోత మోగిస్తూ వెళ్లేది. వాళ్లు దిగి పరిగెత్తేవారు. అందరూ దూరం వెళ్లారో లేదో డ్రోన్ వీడియోలో చూసి నేను చెప్పాలి. నేను సరే అంటేనే బాంబు.

ఆ రోజు మధ్యాహ్నం ఒకటిన్నర. రోడ్డు పక్కన పన్నెండు ట్యాంకర్లు ఆగి ఉన్నాయి. విమానం మోతకు పదకొండు మంది దిగి పరిగెత్తారు. చివరి ట్యాంకర్ తలుపు ముందే తెరిచి ఉంది. క్యాబిన్ ఖాళీ.

“పన్నెండోవాడేడీ?” అని హెడ్‌సెట్‌లో మా టీమ్ లీడర్ అడిగాడు. మా దేశంవాడే, హామిల్టన్ మనిషి, పొడిగా మాట్లాడతాడు.

“ముందే వెళ్లిపోయాడు. క్లియర్,” అన్నాను.

మేం ఈ దేశానికి వలస రాకముందు మా నాన్న నిజామాబాద్‌లో తొమ్మిదేళ్లు లారీ నడిపాడు. ఎండాకాలం మధ్యాహ్నం డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లారీ కింద, నీడలో. ఆ తెలివి ఆ క్షణాన ఏ గంగలో కలిసిందో!

బాంబు వదిలాక ట్యాంకర్ కింద ఏదో కదిలింది.

“ఆపండి! కింద మనిషి ఉన్నాడు!”

“వదిలేశారు. ఇంకో ఇరవై సెకన్లలో పడుతుంది,” అన్నాడు లీడర్. తర్వాత తెర తెల్లబడింది. “తర్వాతి కాన్వాయ్ చూడు.”

చూశాను. భోజనం కూడా చేశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. అందుకే నా మీద నాకు అసహ్యం.

తిరిగొచ్చిన రోజు నాన్న ఎయిర్‌పోర్ట్‌కు వచ్చాడు. కారులో, “ఏసీల కూసునే పనేనంట గద! మంచిగయింది. మరి సప్పుడు చేస్తలేవేంది రా?” అన్నాడు.

“నిద్దరొస్తుంది నాన్నా,” అన్నాను. అంతకు మించి ఆయనకు ఈ రోజు వరకూ చెప్పలేదు.

ఆ ఇరవై సెకన్లలో ఆ మనిషి పరిగెత్తలేదు. ట్యాంకర్ కింద నుంచి పాకుతూ వచ్చి నిలబడ్డాడు. మళ్లీ వంగి, పరుచుకున్న దుప్పటిని బయటికి లాగాడు. రెండుసార్లు దులిపాడు. కొసలు కలిపి, తీరిగ్గా మడత పెట్టసాగాడు.