ప్రార్థన పాట అనుకున్నం

మా చిన్నప్పుడు... గద్వాల బస్టాండు దగ్గర ఫోన్లల్ల పాటలు ఎక్కించే డబ్బా ఒకటి ఉండె. అమ్మ నన్ను ఎంబడి తీస్కపోయి, "దేవుని పాటలు నింపు నాయినా" అని మెమరీ కార్డు ఇచ్చింది. డబ్బాల కూసున్నాయన ఏం ధ్యానంల ఉన్నడో ఏమో... యేసయ్య పాటల నడుమ ఒక ఇంగ్లీషు పాట గూడ ఎక్కించిండు.

మాది మానవపాడు పక్కన చిన్న ఊరు. అమ్మ మిరప చేన్లకు కూలికి పోతుండె. నాయిన గుంపు మేస్త్రి ఎంబడి పుణెకు పనికి పోయిండు. పోయేనాడు తాగుడు కాడ ఇద్దరికి పెద్ద లొల్లయింది. క్రిస్మస్‌కన్న వస్తడనుకుంటె రాలే... ఫోన్ చేస్తే ఎత్తడు. మేస్త్రినడిగితే "నా దగ్గర పని ఇడ్సిపెట్టిండక్కా, యాడున్నడో తెల్వదు" అన్నడు. అప్పటిసంది అమ్మకు ఒకటే రంది.

గా ఇంగ్లీషు పాట మాత్రం... అబ్బబ్బ! మొదలు గరగర సప్పుడు. తర్వాత అచ్చం మా చర్చిల వాయించినట్టె కీబోర్డు. ఎన్కల ఆడోళ్లందరు కలిసి "ఊ..." అని రాగం తీస్తరు. ఒక మొగ గొంతు మెల్లగ మొదలువెట్టి, పోయి పోయి గొంతు చినిగేదాక మొత్తుకుంటది. ఒక్క ముక్క అర్థం గాదు. నడుమనడుమ "ప్లీజ్" అంటడు, గదొక్కటే తెలుస్తది.

"సూడు బిడ్డ, దేవున్ని గూడ ప్లీజ్ అని అడుగుతుండు. ప్రార్థన అంటె గిట్ల చెయ్యాలె" అన్నది అమ్మ.

మా పాస్టరయ్య గూడ విని, "ఇది పూర్వం దొరల కాలం పాటమ్మా" అని తలకాయ ఊపిండు. ఇంగ ఆగుతదా మా అమ్మ! పొద్దుగూకంగ చేను నుంచి వచ్చుడు, చాప మీద మోకరించుడు, పాట వెట్టుడు... అయిపోయేదాక "తండ్రీ, మా ఇంటాయనను ఇంటికి తోల్కరా" అని ఏడ్సుడు. నేను చూస్తే "మిరపకాయ చెయ్యి కంట్ల తగిలిందే" అంటుండె. చేతులు కడుక్కోనే మోకరిస్తది... నాకు తెల్వదా!

ఒకనాడు ఆమెకు ఏం తోచిందో, ఆ పాట తనే నేర్చుకోవాలె, ఆదివారం చర్చిల అందరి ముందర నిలవడి నాయిన కోసం పాడాలె అన్నది. అందరు కలిసి ఆమెన్ అంటె దేవుడు ఇనక తప్పదని ఆమె ఆశ. నన్ను తోల్కోని మా బడి ఇంగ్లీషు మేడం ఇంటికి పోయింది.

"మేడం, జర గీ పాటకు తెలుగు చెప్పున్రి. మా బిడ్డ రాసుకుంటది, నేను నేర్చుకుంట."

మేడం కొంచెం విని ఫక్కున నవ్వింది. "అయ్యో, ఇది దేవుడి పాట కాదమ్మా. పాతది కూడా కాదు... ఇప్పటి సింగరే, పాతకాలం పాటలాగా పాడాడు. భార్య వదిలేసి వెళ్లిపోయిందట... తిరిగి రమ్మని ఏడుస్తున్నాడు."

అమ్మ నవ్వలే.

"మొగోడా మేడం? పెండ్లాం కోసమా?"

"అవునమ్మా."

"గింత ఏడుస్తరా... మొగోళ్లు?"

మేడం నవ్వు ఆగిపోయింది. పాట ఆపి ఫోన్ అమ్మ చేతుల వెట్టింది.

ఇంటికి వచ్చినంక "తెల్వక చేసిన తండ్రీ, క్షమించు" అన్నది అమ్మ. ఇంగ ప్రార్థనల గా పాట వెట్టలే. కానీ మర్నాడు పొయ్యి కాడ జొన్న రొట్టెలు చేసుకుంట మల్ల అదే పాట! ఏందమ్మా, ప్రార్థన కాదన్నరు గదా అంటె, "ప్రార్థన కాదు... ఊకె ఇంటున్న" అన్నది. పెనం మీద రొట్టె మాడుతున్నా సోయి లేదు ఆమెకు. నాకైతే గా పాటలోని పెండ్లాం మీద మస్తు కోపమొచ్చింది. గింతగనం పిలుస్తుంటె పోకుండ ఏం చేస్తుందో అని.

ఆఖరికి అమ్మ పక్కింటి రాహేలమ్మ ఫోన్ అడుక్కొచ్చి నాయినకు కలిపింది. కొత్త నంబరని ఎత్తిండు. "హలో... ఎవలు?"

ఆ గొంతు ఇన్నది అమ్మ. ఎన్ని దినాలసంది కూడవెట్టుకున్న మాటలో... ఒక్కటి రాలే. గబగబ మా ఫోన్ల గా పాట వెట్టి, రెండు ఫోన్లు మూతికి మూతి ఆనిచ్చి పట్టుకున్నది. నేను గూడ చెవి దగ్గరవెట్టిన. నాయినకు గూడ ఏడుపొస్తదేమో... "వస్తున్ననే" అంటడేమో...

"ఎవడ్రా బై, ఏం లొల్లి ఇది!" అని కట్ చేసిండు.

"సిగ్నల్ పోయింది బిడ్డ" అన్నది అమ్మ. మల్ల చేస్తే స్విచ్ ఆఫ్. ఆ తర్వాత గా నంబరు ఎన్నడు కలవలే. నాయిన రానే రాలే.

ఇప్పుడు నేను వనపర్తి దవాఖానల నర్సును. అమ్మ నా దగ్గరనే ఉంటది. ఈ కాలంల పాటల కోసం ఎవ్వల్ని బతిమిలాడే పని లేదు, అడగకుండనే వచ్చి మీద పడ్తయి. మొన్న రీల్స్ చూస్తుంటె అదే పాట... ఎవరో అమ్మాయి చీర కుచ్చిళ్లు సవరించుకుంటుంటె ఎన్కల వస్తుంది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చెయ్యి ఆగింది.

"గాయన పెండ్లాం... మల్లొచ్చిందా బిడ్డ?"

ఆ పాటల గామె రాదు. ఆయన అడుక్కుంట అడుక్కుంటనే పాట అయిపోతది. ఇంగ్లీషు ఇప్పుడు నాకు బాగనే వస్తది, గదంత తెలుసు. అయినా "వచ్చిందమ్మా" అని చెప్పిన.

"పోనీ తియ్... ఒక్కలన్న వచ్చిన్రు" అని మల్ల చిక్కుడుకాయలు అందుకున్నది.

మీ ఇంట్ల గూడ అర్థం తెల్వకుండనే ఏడిపించిన పాట ఏదన్న ఉంటె కింద రాయున్రి... అమ్మకు సదివి ఇనిపిస్త.