గంట కొట్టేదాకా

సత్యలక్ష్మి షూటింగుల్లో ఆడవాళ్ల బట్టలు చూసే పని చేసేది. హీరోయిన్ బట్టలు కాదు, వాటికి వేరే మనుషులు, వేరే వ్యాను ఉంటాయి. పెళ్లి సీనులో వెనక నిలబడే ఆడవాళ్ల చీరలు, జాకెట్లు, గిల్టు నగలు ఆమె వంతు. మాదాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. ఫిలింనగర్ బస్తీలో కౌసల్యమ్మ అనే ఆవిడ తన ఇంటి పక్కనున్న రేకుల గదిని ఆమెకు కిరాయికి ఇచ్చింది.

యూనిట్‌లో ఆమెకు మంచి పేరు. చెప్పిన టైముకు వస్తుంది, ఎదురు మాట్లాడదు, ఏదీ అడగదు. "బంగారం లాంటి పిల్లండీ," అనేవాడు ప్రొడక్షన్ మేనేజర్ వరప్రసాద్. ఏదీ అడగని మనిషిని బంగారం అనడం మనకు అలవాటే. ఎందుకు అడగదో తెలుసుకునే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

సంగతేమిటంటే, ఎవరైనా తినమంటే తప్ప సత్యలక్ష్మి చెయ్యి అన్నం మీదికి పోదు.

నవ్వకండి, నిజం. షూటింగులో ఆ బాధ లేదు. అక్కడ అన్నిటికీ ఒక కేక ఉంటుంది. స్టార్ట్ అంటే మొదలుపెట్టాలి, కట్ అంటే ఆపాలి. మధ్యాహ్నం అసిస్టెంట్ డైరెక్టర్ "బ్రేక్!" అని అరిస్తే అందరితో పాటు ఆమె కూడా ప్లేటు పట్టుకుని కడుపు నిండా తినేది. పని లేని రోజే చావు. గదిలో అన్నం, పప్పు వండుకుని, కంచంలో వడ్డించుకుని దాని ముందు కూర్చునేది. అలా కూర్చునే ఉండేది. మెతుకులు గట్టిపడేవి, పొద్దు వాలేది. కౌసల్యమ్మ కిటికీలోంచి తొంగి చూసి, "ఏందే, ఇంక తినలే? తిను జర!" అంటే అప్పుడు గబగబా తినేసేది. కౌసల్యమ్మ ఊళ్లో లేకపోతే ఆ పూట పస్తే.

ఈ రోగం టోలిచౌకి అవతలున్న ఒక అనాథాశ్రమంలో అంటుకుంది. నాలుగేళ్ల పిల్లగా అక్కడ చేరింది. తిండికి లోటు లేదు. ఆ మాట వార్డెన్ లీలాకుమారి కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పేది. లోటెందుకుంటుంది? జూబ్లీ హిల్స్‌లో ఏ హీరో పుట్టినరోజు వచ్చినా, ఏ సినిమా వంద రోజులాడినా బిర్యానీ గిన్నెలు, కేకులు, అరటిపండ్లు ఆశ్రమానికి దిగేవి. అవి పొద్దున్నే దిగేవి. ఇచ్చే పెద్దమనుషులు మాత్రం తమకు వీలైనప్పుడు వచ్చేవారు. అప్పటిదాకా పిల్లలు నిండు విస్తళ్ల ముందు బుద్ధిగా కూర్చోవాలి. వచ్చినాయన కేకు కోసి, ఫొటో తీయించుకుని, "ఇక తినండమ్మా," అన్నాక లీలాకుమారి వరండాలో వేలాడే ఇనప గంట కొట్టేది. అప్పుడు ముద్ద. మామూలు రోజుల్లో దాతలుండరు గానీ గంట ఉంటుంది. గంటకు ముందే వేలు పెట్టిన పిల్లను లేపి గోడ వైపు తిప్పి నిలబెట్టేవారు. సత్యలక్ష్మి అయిదేళ్లప్పుడు ఒకసారి లడ్డూ కొస తుంచింది. మిగతా పిల్లలందరూ తిని చేతులు కడుక్కునేదాకా గోడ సున్నం చూస్తూ నిలబడింది. మళ్లీ ఎప్పుడూ తుంచలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూడండి, ఆ పిల్లల విస్తళ్లలో జరిగింది అదే.

పద్దెనిమిదేళ్లు నిండగానే చేతికొక సంచీ, ముప్పై ఒకటి అని నంబరు చెక్కిన తన స్టీలు కంచం ఇచ్చి పంపేశారు. ఎలా బతుకుతున్నావని అడగడానికి తర్వాత ఒక్కరూ రాలేదు. గదంతా ఖాళీగా ఉన్నా ఇప్పటికీ చాప గోడవారకు ఆనించి, పక్కన ఇంకో పిల్లకు చోటు వదిలి పడుకుంటుంది. ఆమెతో పెరిగిన నిహారికకు కాల్ సెంటర్‌లో మంచి ఉద్యోగమే దొరికింది. ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు ఉండరని సెలవంటే ఆ పిల్లకు వణుకు. ఆదివారాలు కూడా డ్యూటీ వెయ్యమని బతిమాలి, బతిమాలి, చివరికి ఒకరోజు ఆఫీసులోనే కుప్పకూలింది. పిల్లలు స్థిరపడ్డారని ఆశ్రమం వాళ్లు చెప్పుకునే లెక్కలో వీళ్లిద్దరూ ఉన్నారు!

సత్యలక్ష్మి కూడా ఒకసారి కళ్లు తిరిగి పడింది. కౌసల్యమ్మ బంజారా హిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది.

"రక్తం తక్కువుందమ్మా. టైముకి తినాలి," అన్నాడు డాక్టరు.

"టైమైందని ఎవలు చెప్తరు సార్?" అని అడిగింది సత్యలక్ష్మి.

హాస్యమాడుతోందనుకుని ఆయన పకపకా నవ్వి టానిక్ రాసిచ్చాడు. మనసు సంగతి చూసే డాక్టరు అదే ఆసుపత్రిలో, అదే వరండాలో, నాలుగు గదుల అవతలే ఉన్నాడు. ఆ తలుపు ఆమెకు చూపించినవాడు లేడు.

ఇలా ఉండగా వాళ్ల యూనిట్ నిర్మాతగారి అబ్బాయి హీరో అయ్యాడు. సినిమా విడుదలకు ముందు అతని పుట్టినరోజు వచ్చింది. ఆ వేడుక సత్యలక్ష్మి పెరిగిన ఆశ్రమంలోనే పెట్టారు.

"నువ్వు అక్కడ పెరిగిన పిల్లవే కదమ్మా," అన్నాడు వరప్రసాద్. "టీవీ వాళ్ల ముందు రెండు ముక్కలు చెప్పు. ఈ దాతలే నాకు అమ్మా నాన్నా అని. కాస్త కళ్లనీళ్లు పెట్టుకుంటే ఇంకా బావుంటుంది. తర్వాతి సినిమాకీ నీ పని ఖాయం."

కాదంటే పని ఉండదని వేరే చెప్పక్కర్లేదు. పని పోతే ఆమెకు పోయేది జీతం ఒక్కటే కాదు, రోజూ మధ్యాహ్నం వినిపించే ఆ కేక. "సరే సార్," అంది.

ఆరోజు పిల్లలకు ఒకే రంగు కొత్త బట్టలు తొడిగే పని కూడా ఆమెదే. కెమెరాలో అందంగా కనబడాలని పొద్దున్నే విస్తళ్లు వేసి బిర్యానీ వడ్డించేశారు. ఈ హాల్లో ఆమె ఎన్ని విస్తళ్ల ముందు కూర్చుందో! హీరో రాలేదు. "అన్న ఇంకా జిమ్ములోనే ఉన్నాడు," అని ఒక ఫోను. "అన్న స్నానానికి వెళ్లాడు," అని ఇంకో ఫోను. మధ్యాహ్నం దాటింది. యూనిట్ వాళ్లకు మాత్రం టైముకు బ్రేక్ చెప్పేశారు. లైట్ల వాళ్లు, కెమెరా వాళ్లు, టీవీ వాళ్లు పెరట్లో చెట్టు కింద నిలబడి వేడివేడిగా తిన్నారు. కిటికీలోంచి పిల్లలు చూస్తున్నారు. తిన్నవాళ్లలో ఒక్కరూ కిటికీ వైపు చూడలేదు!

సత్యలక్ష్మి చేతిలోనూ ఎవరో ప్లేటు పెట్టారు. బ్రేక్ చెప్పాక కూడా ఆమెకు ముద్ద దిగకపోవడం అదే మొదటిసారి. ప్లేటు పక్కన పెట్టి లోపలికి పోయింది. వరస చివర స్ఫూర్తి అనే చిన్నపిల్ల గౌను పిన్ను ఊడితే సరిచేయడానికి వంగింది. ఆ పిల్ల రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుని ఉంది. తెలియకుండా చెయ్యి విస్తట్లోకి పోకుండా సత్యలక్ష్మి కూడా చిన్నప్పుడు అలాగే కూర్చునేది.

"ఆకలైతుందా బిడ్డా?"

"లేదక్కా," అంది స్ఫూర్తి. అని, గోడ వైపు ఒకసారి చూసింది.

సత్యలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు అంత కోపం రాలేదు. వస్తుందని ఆమెకే తెలియదు. లేచి వరండాలోకి నడిచి, ఇనప గంట తాడు పట్టుకుని గట్టిగా కొట్టింది.

గంట గంటే. ఎవరు కొట్టారని పిల్లలు చూడలేదు. అన్ని చేతులూ ఒక్కసారిగా విస్తళ్లలోకి పోయాయి.

లీలాకుమారి పరుగెత్తుకొచ్చింది. "ఏం పని చేశావే! తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"తిన్నంక గద మేడమ్ వాసాలు లెక్కపెట్టుడు. ముందుగాల తిననియ్యుండ్రి పిల్లలని."

ఆశ్రమంలో ఆమె నోటినుంచి అంత పొడుగు మాట రావడం ఎవరూ వినలేదు. వరప్రసాద్ చేతిలో ఫోను పట్టుకుని నెత్తి బాదుకున్నాడు. "అక్కడ హీరోగారు బయల్దేరారమ్మా! ఇప్పుడు నేను ఎంగిలి విస్తళ్లు షూట్ చేయించాలా? రేపటినుంచి నువ్వు రావద్దు. ఏ యూనిట్‌లోనూ నీకు పని లేకుండా చేస్తాను." అన్నంత పనీ చేశాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకునేది ఇలాంటి వాటిల్లోనే కదా.

హీరో సాయంత్రం వచ్చాడు. ఎంగిలి విస్తళ్లు తీసేసి, కొత్తవి వేసి, గిన్నె అడుగు గీకి మళ్లీ వడ్డించి ఫొటోలు తీశారు. మర్నాడు పేపర్లో బొమ్మ బ్రహ్మాండంగా పడింది. పిల్లల ముఖాలు కళకళలాడుతున్నాయి, కడుపులు నిండి ఉన్నాయి కనక. యువ హీరో ఆప్యాయతకు చిన్నారులు మురిసిపోయారని కింద రాశారు.

ఇక సత్యలక్ష్మికి గది మిగిలింది, కంచం మిగిలింది. ఆ వారం కౌసల్యమ్మ కూతురి కాన్పుకని సిద్దిపేట పోయింది. మొదటి రోజు మధ్యాహ్నం వండుకుని, వడ్డించుకుని కూర్చుంది. చెయ్యి పోలేదు. అంతమంది పిల్లలకు తినిపించిన చెయ్యి తన అన్నం దగ్గరికొచ్చేసరికి ఒళ్లోనే ఉండిపోయింది. ఒక్క గంట మోగించినంత మాత్రాన పోయే జబ్బా అది? పద్నాలుగేళ్లు నీళ్లు పోసి పెంచారు దాన్ని. ఆ పూటా, ఆ రాత్రీ నీళ్లు తాగి పడుకుంది.

మర్నాడు మళ్లీ కూర్చుంది. చాలాసేపు కూర్చుని, అన్నం గరిటె తీసుకుని ముప్పై ఒకటో నంబరు కంచం అంచు మీద కొట్టింది. కంచం ఖంగుమంది. ముద్ద కలిపింది.

కౌసల్యమ్మ ఊరినుంచి వచ్చాక కూడా రోజూ మధ్యాహ్నం ఆ చప్పుడు వినిపిస్తుంటే ఉండబట్టలేక కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏందే గా చప్పుడు, పిల్లిని గిట్ల బెదిరిస్తున్నవా?"

"కాదక్కా. తినుమని నాకు నేనే చెప్పుకుంటున్న."

సత్యలక్ష్మి ఆశ్రమం గంట గురించీ, గోడ గురించీ చెబితే కౌసల్యమ్మకు సంగతంతా అప్పుడు అర్థమైంది. కళ్లు ఎర్రబడ్డాయి. "గా వార్డెనమ్మ గీడ దొరకాలె, గదే గరిటెతోని ఆమె నెత్తిమీద కొడుదును," అంది. అని, ఎన్నాళ్లనుంచో అలవాటైన మాటకు నోరు తెరిచింది. "తిను..."

సత్యలక్ష్మి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చెప్పకక్కా," అంది. "కొట్టుకున్న గద. తింటున్న."