జంగ్లీఘాట్ ఐస్ ప్లాంటులో బొట్టు పెట్టుకున్న పెట్టె

మా చెల్లెలు సుజాత బుధవారం ఫోన్ చేసి, “అక్కా, నువ్వొచ్చి మీ మరిదితో ఓసారి పోట్లాడి వెళ్ళు. నా మాట వినట్లేదు” అంది. అండమాన్‌కు జనం సముద్రం చూడ్డానికి వెళ్తారు, జైలు చూడ్డానికి వెళ్తారు. నేను పోట్లాటకు టిక్కెట్టు కొన్నాను.

సంగతేమిటంటే, మా మరిది అప్పారావుకు పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ చేపల రేవు పక్కన చిన్న ఐస్ ప్లాంటు ఉంది. తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలు పట్టుకెళ్ళి అక్కడ స్థిరపడ్డాడు. మనవడు ఆ వలలవాళ్ళకే ఐస్ అమ్ముతున్నాడు. ప్లాంటులో రెండు కంప్రెసర్లు. ఒకటి నడుస్తుంది, అది చెడితే ఆదుకోవడానికి రెండోది, పాతది. ఈమధ్య ఎవరో ఏజెంటు వచ్చి, నడిచేదానికి ఒక ‘తెలివైన పెట్టె’ బిగించి వెళ్ళాడు. అది రాత్రింబవళ్ళు మెషిన్ వేడి చూస్తూ, రాబోయే జబ్బును ముందే చెప్తుందట. ముందే తెలిశాక పాతదెందుకని, అప్పారావు దాన్ని అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఉన్న ఒక ఆసామికి అమ్మేస్తున్నాడు. ఆదివారం పట్టుకెళ్తారు.

శనివారం ఉదయం ఆరుకు విశాఖలో విమానం ఎక్కి, చెన్నైలో మారాను. ఎయిర్‌పోర్టు ఇడ్లీ గురించి రాయను, కోపం వస్తుంది. పక్క సీట్లో పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్ పేటలో కిరాణా కొట్టున్న పెద్దమనిషి. తెలివైన పెట్టెల మాటెత్తగానే నెత్తి కొట్టుకున్నాడు.

“మా అబ్బాయి కొట్లో కంప్యూటర్ పెట్టించాడు దీదీ. ఎంత సరుకు తెప్పించాలో అదే చెప్తుంది. ఓడ రాక కొట్లో బియ్యం నిండుకున్నాయి. ఇంక అమ్మేదేటి? అదేమో, బియ్యం ఎవరూ కొనట్లేదు, ఈసారి తగ్గించి తెప్పించు అంటది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. పోట్లాటకు మంచి సరంజామా దొరికింది.

ఒంటిగంటకు దిగాను. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: సాయంత్రం అయిదు దాటగానే చీకటి పడిపోతుంది, చూడాలనుకున్నవి ముందే చూసుకోండి. నేను చూడాలనుకున్నది మా మరిదిని గనక తొందర లేదు. డిగ్నాబాద్‌లో వాళ్ళింట్లో సురమయి చేపల పులుసుతో అన్నం తిన్నాక మొదలుపెట్టాను.

“ఏమయ్యా, జబ్బు ముందే చెప్పింది సరే, మందు ఓడలో రావద్దూ? మెషిన్ సామాను చెన్నై నుంచి వచ్చేదాకా పడవలవాళ్ళకు ఏమిస్తావు? ఫోన్‌లో ఆ పెట్టె పంపిన హెచ్చరిక చూపిస్తావా?”

“అరే వదినా, టెన్షన్ మత్ లో! దసరా ముందు రెండుసార్లు హెచ్చరించింది. దసరా నాడు పూజ చేసినాం. అప్పట్నుంచి ఒక్క అలారం లేదు. దీవుల్లోకెల్లా ఆరోగ్యమైన మెషిన్ మాదేనని కంపెనీవాళ్ళు నా ఫోటో కూడా అడిగినారు.”

దసరా వెళ్ళి నెల దాటింది. నెలరోజులుగా ఒంట్లో నలతే లేని యంత్రమా! ఆ రాత్రి సుజాత మెల్లగా చెప్పింది, “అది ఆగిపోతే పడవలు వేరే ప్లాంటుకు పోతాయక్కా. పోయినవాళ్ళు మళ్ళీ రారు.”

ఆదివారం ఎనిమిదింటికి ముగ్గురం ప్లాంటుకు వెళ్ళాం. అమ్మోనియా ఘాటుకు కళ్ళు మండాయి. హోప్ టౌన్ ఆసామి అప్పటికే ట్రక్కుతో ఫెర్రీ దాటి వచ్చి, గేటు దగ్గర టీ తాగుతున్నాడు. నడిచే కంప్రెసర్ మీద వంగి చూశాను. మొహానికి పొయ్యి సెగలా కొట్టింది. పెట్టె తెర మీద మాత్రం ఆ ఇనుము మేం నిలబడ్డ గదంత చల్లగా ఉందని ఆకుపచ్చ అంకె.

పెట్టె కింద వేడి చూసే గాజు కన్ను ఒకటుంది. దాని మీద దట్టంగా గంధం, గంధం మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు!

“దసరా నాడు పెట్టినాం. ఏటి వదినా, తప్పేటి?” అన్నాడు అప్పారావు.

“కళ్ళకు గంతలు కట్టి కాపలా పెట్టావు. తుడువు.”

“చల్, బొట్టు చెరపడమా! నేను ముట్టను.”

సుజాతను చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ళిద్దరి నమ్మకం మధ్య ఆ ఇనుము ఉడుకుతోంది. నేనే కొంగు తడిపి తుడిచేశాను.

“అక్కా! బొట్టు చెరిపేస్తావా!” అని సుజాత గుండెల మీద చెయ్యేసుకుంది.

“దీనికి మొగుడంటూ ఉంటే మరో నాలుగేళ్ళు ఎక్కువ బతుకుతాడులే.”

అంకె పాకింది. పచ్చ పసుపైంది, పసుపు ఎరుపైంది, పెట్టె కేకలు మొదలెట్టింది. అప్పారావు పరుగెత్తి మెషిన్ ఆపాడు. ఇంకాస్త నడిస్తే బేరింగు పట్టేసేదని ఆయనే ఒప్పుకున్నాడు. అమ్మకానికి పెట్టిన పాతదాన్ని అప్పుడే తిప్పారు. దగ్గింది, పొగ కక్కింది, నడిచింది. హోప్ టౌన్ ఆసామి టీ గ్లాసు కింద పెట్టి, “క్యా దీదీ, ఉత్త ట్రక్కుతో మళ్ళీ ఫెర్రీ ఎక్కించినారు” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. సాయంత్రం పడవలన్నిటికీ ఐస్ దిమ్మలు అందాయి.

మధ్యాహ్నమే ఏజెంటుకు ఫోన్ కలిపించాను.

“మేడమ్, గంధం కుంకుమల గురించి మా సిస్టమ్‌కు డేటా లేదు.”

“గంధం సంగతి వదిలెయ్ బాబూ. నడిచే ఇనుము నెలరోజులు గదంత చల్లగా ఉంటే, నీ తెలివికి ఒక్కసారైనా అనుమానం రాలేదా? పైగా ఫోటో అడిగారా!”

కన్నుకు మూత కూడా అమ్ముతారట, పంపమంటారా అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

పెట్టెను పీకించమన్నానా అంటే, లేదు. తుడిచాక అది నిజమే చెప్పింది. కానీ మా మరిది దాన్ని దేవుణ్ణి చేశాడు, అమ్మినవాడు దాన్ని మేధావిని చేశాడు. ఉత్త కాపలాదారు అని ఇద్దరూ అనుకోలేదు.

బుధవారం విశాఖ ఓడ దొరికింది. ఊరగాయ వెంట తీసుకెళ్ళండి, ఓడ కూర మీద ఆశ పెట్టుకోకండి. రేవు దాటుతుండగా సుజాత ఫోటో పంపింది. పాత కంప్రెసర్‌కు బంతిపూల దండ. పెట్టె పక్కన గోడ మీద కొత్త బొట్టు. “గోడకే పెట్టాం అక్కా” అని కింద రాసింది. ఫోటో పెద్దది చేసి గాజు కన్ను వెతికాను. శుభ్రంగా ఉంది. అయినా ఇంకోసారి చూశాను, ఈలోగా సిగ్నల్ పోయింది. అనుమానం నా జబ్బు అంటారు మా ఇంట్లో. ఆ పెట్టెకు కూడా అంటించి రావలసింది.