కాగితం మీద మిగిలిన మరక

2016 వేసవి మొదట్లో జరిగింది. రామచంద్రపురంలో, ద్రాక్షారామం వెళ్ళే రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా పెట్రోలు కార్ల పని చేస్తున్నాను. పనిలో నాకు తోడెవరూ లేరు. టార్చి పట్టుకునే మనిషి లేక దాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టి పనిచేయడం అలవాటైపోయింది. ఇంజన్ల చప్పుడు తప్ప మనిషి మాట వినపడని రోజులు చాలానే ఉండేవి.

సత్తిబాబుగారు వచ్చిన రోజు మాత్రం అలా ఉండేది కాదు. ఆయన కొబ్బరి వ్యాపారి వెంకట్రావుగారి కారు డ్రైవరు. యాభై దాటిన మనిషి. సముద్రం ఒడ్డున చేపల వేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టి, పడవ పడక స్టీరింగు పట్టుకున్నానని ఒకసారి చెప్పారు. భార్య పోయింది, పిల్లలు లేరు. పదకొండేళ్ళుగా యజమాని కొబ్బరి గోడౌను వెనక గదిలో ఉంటున్నారు. ఆయిల్ మార్పించడానికి వస్తే పనయ్యేదాకా నా పక్కన స్టూలు మీద కూర్చునేవారు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అయినా ఎవరో ఉన్నారన్న ధైర్యం ఉండేది.

ఆ రోజు నేను బానెట్ ఎత్తకముందే ఆయన బండి జబ్బు చెప్పారు.

"సూర్యంగారూ, రెండో గేరులో గట్టిగా తొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుందండి. తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. నేనొక్కణ్ణే వెళ్తే రాదు. నలుగురు ఎక్కి, వంతెన ఎక్కుతుంటే వస్తుంది."

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ వెంటనే అందుకోకుండా వెనకాడటాన్ని మేము హెసిటేషన్ అంటాం. దానికి కారణాలు చాలా ఉంటాయి. పెట్రోలు సరిగా అందకపోవచ్చు, నిప్పురవ్వ బలంగా పడకపోవచ్చు, గాలి లెక్క తప్పొచ్చు. స్కానర్ పెట్టాను. అది కారు కంప్యూటరుతో మాట్లాడి తప్పు చెప్పే పరికరం. ఏ తప్పూ చూపించలేదు. పైనున్న గాలి గొట్టం తప్పించి స్పార్క్ ప్లగ్గులు విప్పాను. మొనలు తెల్లగా ఉన్నాయి. చూశాను, పక్కన పెట్టేశాను.

తర్వాత ఫ్యూయెల్ లైను ఊడదీసి కొంచెం పెట్రోలు ట్రేలోకి తీశాను. అందులోంచి ఒక చుక్క తెల్ల కాగితం మీద వేశాను. మంచి పెట్రోలైతే మరక లేకుండా ఆరిపోతుంది. జిడ్డు మరక మిగిలింది.

సరిగ్గా అప్పుడే వెంకట్రావుగారు షెడ్డులోకి వచ్చారు.

"ఏంటయ్యా సూర్యం, ఏం తేలింది?"

"పెట్రోల్లో కిరసనాయిలు కలిసినట్టుందండి," అన్నాను. కాగితం ఆయన చేతికిచ్చాను.

ఆయన కాగితం చూసి, సత్తిబాబుగారి వైపు తిరిగారు. "బంకులో కలిపారా, నువ్వు కలిపావా?"

"నాకు తెలీదండి. ఎప్పుడూ పోయించే బంకులోనే పోయించానండి."

"అక్కడే మా వాళ్ళ కార్లు మూడు పోయించుకుంటాయి. వాటికి రాని రోగం దీనికే వచ్చిందా?"

సత్తిబాబుగారు నా వైపు చూశారు. నేను తల వంచుకుని ఫిల్టర్ బిగిస్తున్నాను. పాత పెట్రోలు తీసేశాను, ప్లగ్గులూ ఫిల్టరూ మార్చాను. ఒక్కణ్ణే రోడ్డు మీద తిప్పి చూస్తే బండి బాగానే లాగింది. పని అయిపోయిందనుకున్నాను.

మూడు రోజుల తర్వాత, పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు పోశాడని సత్తిబాబుగారిని మాన్పించేశారని తెలిసింది. నేను చెప్పింది పెట్రోలు గురించి, మనిషి గురించి కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అప్పట్లో ఆ సర్దుబాటు నాకు సరిపోయింది.

ఆషాఢం వచ్చింది. ఒక ఉదయం వెంకట్రావుగారు కారు స్వయంగా నడుపుకుంటూ వచ్చారు. మనిషి అదిరిపోయి ఉన్నారు. ముందురోజు ఇంటిల్లిపాదీ కారులో వస్తుంటే వంతెన మీద ట్రాక్టరును దాటబోయారట. ఎదురుగా లారీ. గట్టిగా తొక్కితే బండి అందుకోలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. కొత్త డ్రైవరును నిలదీస్తే, చేరిన మొదటి వారం నుంచీ అలాగే ఉందని చెప్పాడట.

"మరి చెప్పలేదేంట్రా అంటే, చెబితే నా మీదకి వస్తుందని భయపడ్డానండి అంటాడు," అన్నారు.

ఈసారి పెట్రోలు ఆయన ఎదుటే శుభ్రమైన గాజుసీసాలోకి తీశాను. కాగితం మీద చుక్క వేస్తే మరక మిగల్లేదు. ప్లగ్గులు విప్పాను. కొత్తగా వేసినవి కూడా తెల్లబడ్డాయి. కిరసనాయిలు కాలితే ప్లగ్గు నల్లగా మసిబారాలి. తెలుపు అంటే లీన్ మిక్స్చర్. ఇంజన్‌లోకి పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని. మొదటిసారి నా చేతిలో ఉన్న సాక్ష్యం కూడా అదే.

నలుగురు ఎక్కితే వస్తుందని సత్తిబాబుగారు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంజన్ మీద బరువు పడాలి. వెంకట్రావుగారిని సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేకు గట్టిగా తొక్కిపెట్టి క్లచ్ కొద్దిగా వదలమన్నాను. నేను పక్కకి నిలబడి బానెట్ కింద టార్చి వేశాను. ఇంజన్ ఒక పక్కకి ఒరిగింది. దానితోపాటే ఎయిర్ ఇన్‌టేక్ హోస్ సాగింది. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్ళే ముడతల రబ్బరు గొట్టం అది. అడుగువైపు ముడతలో చీలిక తెరుచుకుంది. బుస్సుమని గాలి లోపలికి పోతున్న చప్పుడు. ఇంజన్ డీలాపడింది. క్లచ్ తొక్కించగానే ఇంజన్ నిటారైంది, చీలిక మూసుకుపోయింది. చేత్తో తడిమినా దొరకదు. మొదటిసారి ఆ గొట్టం విప్పి మళ్ళీ బిగించినప్పుడు కాస్త సర్దుకుని ఉంటుంది. అందుకే ఒక్కణ్ణే తిప్పినప్పుడు బాగుందనిపించింది.

కొత్త గొట్టం తెప్పించి వేశాను. వెంకట్రావుగారు తన మనుషులను ముగ్గురిని ఎక్కించుకుని వంతెన దాకా వెళ్ళొచ్చారు. జబ్బు పోయింది.

ఆయన వెళ్ళొచ్చేలోగా సీసాలోని పెట్రోలును పారబోయడానికి ట్రేలో ఒంపాను. ఘాటైన వాసన వచ్చింది. ఒక చుక్క ఇంకో కాగితం మీద వేశాను. జిడ్డు మరక.

విడిభాగాలను నేను కిరసనాయిలుతో కడిగేది ఆ ట్రేలోనే. మొదటిసారి పెట్రోలు తీసిందీ అందులోకే.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. షెడ్డులో ఎవరూ లేరు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గొట్టం చిరిగింది, మార్చాను, అంతే. ఇరవై ఏళ్ళ పేరు ఎక్కడికీ పోదు. కానీ తల వంచుకుని ఫిల్టర్ బిగిస్తున్న నన్ను సత్తిబాబుగారు చూసిన చూపు కళ్ళముందు నుంచి పోలేదు.

వెంకట్రావుగారు రాగానే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది.

"నువ్వే కదయ్యా చెప్పావు!"

"నేనే చెప్పానండి."

ఆయన కాగితాలు పక్కకు నెట్టి, "సత్తిబాబు నిడదవోలులో ఏదో ఫంక్షన్ హాలులో కాపలా ఉన్నాడని గోడౌనులో అనుకుంటుంటే విన్నాను. రమ్మను, మళ్ళీ పనిలో పెట్టుకుంటాను," అన్నారు. ఆయన మాత్రం వెళ్తానని అనలేదు.

ఆదివారం షెడ్డు మూసి, చిరిగిన గొట్టం సంచిలో పెట్టుకుని రాజమండ్రి దాకా బస్సు, అక్కడి నుంచి ప్యాసింజర్ రైలు ఎక్కాను. ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు. అంత పెద్ద హాలులో కుర్చీలన్నీ గోడ వారగా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒకే ఒక్క కుర్చీ వేసుకుని సత్తిబాబుగారు కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి లేచి, ఇంకో కుర్చీ తెచ్చి తుడిచి వేశారు.

గొట్టం చేతికిచ్చి, ట్రే సంగతి చెప్పాను. ఆయన గొట్టాన్ని వంచి, చీలిక తెరుచుకోవడం చూశారు. వదిలేశారు. మళ్ళీ వంచారు.

"నలుగురు ఎక్కితేనే అని చెప్పాను కదండి."

"చెప్పారండి. నేనే వినలేదు. తప్పు నాదే."

"ఇప్పుడు లాగుతుందా?"

"బాగా లాగుతుందండి. వెంకట్రావుగారు మిమ్మల్ని మళ్ళీ రమ్మన్నారు."

తల అడ్డంగా ఊపారు. "వద్దండి. రేపు ఏ కాస్త తేడా వచ్చినా ముందు నా చెయ్యే వాసన చూస్తారు."

గొట్టం నాకు తిరిగి ఇచ్చి, ఆయనే అన్నారు: "నాలుగు నెలల్లో నన్ను వెతుక్కుంటూ వచ్చింది మీరేనండి. ఊరికి వెళ్ళడం మానేశాను. మా బావ నలుగురిలో దొంగ అన్నాడు. చెల్లెలు అడ్డం చెప్పలేదు."

జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, నా చేతిలో పెట్టారు. "దానికి మీరే చెప్పండి. నేను చెబితే నమ్మలేదు."

అవతల ఆడమనిషి గొంతు వినిపించింది. నేనెవరో చెప్పి, మీ అన్నయ్య తప్పేమీ లేదమ్మా, తప్పంతా నాదే అన్నాను.

"ఇప్పుడా అండి చెప్పడం?" అంది. ఆ గొంతులో కోపముంది. అది నాకు రావలసిందే. తర్వాత అదే గొంతు సన్నబడింది. "అన్నయ్యకి ఫోనివ్వండి."

ఫోను ఇచ్చి వరండాలోకి వచ్చేశాను. తిరిగి చూస్తే, ఆయన ఫోను చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. "ఆఁ... తింటున్నానే... ఆఁ" అన్న రెండు మాటలే తెలిశాయి. సెలవు చెప్పడానికి మళ్ళీ లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. చెయ్యెత్తి చూపించి వచ్చేశాను.

ఆ తర్వాత నేను పని చేసే తీరు మారింది. బండి ఎవరిదైనా, నడిపే మనిషి వచ్చి చెప్పేదాకా బానెట్ ఎత్తను. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చెప్పిన బరువుతో, ఆయన చెప్పిన చోటే నడిపి చూస్తాను. పెట్రోలు గాజుసీసాలోకే తీస్తాను. కళ్ళతో చూడని కారణాన్ని నోటితో అనను.

మరుసటి ఏడాది పనిమీద నిడదవోలు వెళ్ళి, ఆ హాలు దగ్గర ఆగాను. గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. సత్తిబాబుగారు మానేసి వెళ్ళిపోయారన్నాడు. ఎక్కడికో అతనికి తెలియదు. ఆయన ఫోను నంబరు తీసుకోవాలని మొదటిసారి వచ్చినప్పుడు నాకు తోచలేదు. చెల్లెలి దగ్గరికే వెళ్ళారని చెప్పుకుంటే నాకు ఊరటగా ఉంటుంది. కానీ నేను చూడలేదు కాబట్టి చెప్పను.