నోరు మెదపకుండా ఎక్కిన కొండ

బేస్ క్యాంపులో లారీ దిగేసరికి మధ్యాహ్నం మూడు. ఎండ ఉంది, వేడి లేదు. తిరువూరు మనిషికి అదే మొదటి దెబ్బ. మన దగ్గర ఎండంటే ఎండే. అక్కడ ఎండ కళ్ళలో పొడుస్తుంది, చేతివేళ్ళు మాత్రం కొయ్యబారిపోతాయి. ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని గుడారం దాకా నడిచాను. అంతే, ఊళ్ళు దాటి పరిగెత్తినవాడిలా రొప్పుతూ కూలబడ్డాను. పక్కన టీ తాగుతున్న హవల్దారు నన్ను చూసి నవ్వాడు.

"నీ బలం ఇక్కడ పనికిరాదు. కింద వదిలేసి రావాల్సింది" అన్నాడు.

హిందీలో అన్నాడు. అక్కడ అందరం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. మీకోసం తెలుగులో చెబుతున్నాను. ఏ సెక్టారో చెప్పను. పేర్లూ చెప్పను. పైన మనిషిని పనితోనే పిలిచేవాళ్ళం. వంటవాడు, నర్సింగ్, రేడియో. నన్ను "రోప్" అనేవాళ్ళు, తాడు కట్టే పని నాది కాబట్టి.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, తిరువూరులో పొద్దున్నే గ్రౌండుకి నడకకొచ్చేవాళ్ళు నన్ను చూస్తే చాలు, ఒకటే అడుగుతారు. "సార్, మీకు మోటివేషన్ ఎక్కణ్ణుంచి వచ్చేదండీ?" ఫోన్లో వీడియోలు చూసి వస్తారు. మనసు గట్టిదైతే ఒళ్ళు మాట వింటుందని ఎవడో చెప్పి ఉంటాడు. నిజమే, వింటుంది. నా బాధంతా అదే. ఎంతదాకా వింటుందో నేను చూశాను.

మొదటి వారం పని లేదు. తినడం, పడుకోవడం, నీళ్ళు తాగడం. తర్వాత ఉత్త చేతులతో నడక. ఆ తర్వాత వీపున బరువు కట్టుకుని నడక. ఆ నడక నేర్పింది నర్సింగ్. మా పార్టీకి మందులూ మాత్రలూ చూసే మనిషి. బక్కపలచగా ఉండేవాడు. ఎప్పుడూ నవ్వగా చూడలేదు. ఆయన దగ్గర ఒకే ఒక్క రూలుండేది.

"నడిచేటప్పుడు మాట్లాడండి. పక్కవాడితో కాదు, మీతో మీరే. పైకి వినపడేలా. ఊపిరి చాలనివాడికి ముందు మాట పోతుంది, కాళ్ళు తర్వాత పోతాయి. తాడు మీద మీ ముందున్నవాడి గొణుగుడు ఆగిందా, మీరూ ఆగిపోండి. నన్ను పిలవండి."

మొదట సిగ్గేసింది. బజార్లో తనలో తాను మాట్లాడుకునేవాణ్ణి మనం ఏమంటామో తెలుసుగా. రెండు రోజుల్లో సిగ్గు పోయింది. ఎవడి మాటలు వాడికి దొరికాయి, ఎవడి భాషలో వాడు. హవల్దారు కొండని తిట్టేవాడు, దాని వంశాన్నంతా కలిపి. వంటవాడు పప్పు వండే పద్ధతి మొదటినుంచి చివరిదాకా చెప్పుకునేవాడు. పోపు దగ్గరికొచ్చేసరికి ఒక మలుపు అయిపోయేది.

నేను బస్సు కండక్టరునయ్యాను. "తిరువూరు నుంచి రైట్ రైట్! పెనుగొలను, పెనుగొలను దిగేవాళ్ళు ముందుకు రండి. వినగడప ఎవరండీ? మెట్టు మీద నిలబడకండి, లోపలికి జరగండి!" మలుపుకో ఊరు. స్టేజీల వరస సరిగా ఉందో లేదో ఆ కొండకేం తెలుసు! శిఖరం మొత్తం ఎక్కమంటే నా కాళ్ళు ఒప్పుకునేవి కావు. వచ్చే స్టేజీ దాకా రమ్మంటే వచ్చేవి. ఇదీ నా మోటివేషను. ఇంతకు మించి ఏమీ లేదు.

ఒకరోజు నా కండక్టరు కేకలు విని ముందున్నవాడు నవ్వుతూ తిరిగాడు. తెలుగులో అడిగాడు.

"వినగడపలో మీకు చుట్టాలున్నారా ఏంటండీ, రోజూ దింపుతున్నారు?"

వాడే రేడియో. వైర్‌లెస్ సెట్టు మోసేవాడు. రెడ్డిగూడెం వాడు. అంత ఎత్తున, గడ్డి కూడా మొలవని చోట, మా వైపు తెలుగు వినేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేను తిరువూరంటే "అబ్బో, టౌను వాళ్ళు!" అని ఎగతాళి చేశాడు. ఆరోజు నుంచి తాడు మీద వాడు ముందు, నేను వెనక.

వాడి మాటలు వేరు. వాడు కాళ్ళతో మాట్లాడేవాడు. కుడికాలు పెద్దోడు, ఎడమకాలు చిన్నోడు.

"పెద్దోడా, నువ్వెయ్. చిన్నోడా, నీ వంతు. అన్న వేశాడు, నువ్వెయ్యవా? సిగ్గులేదంట్రా నీకు?"

చిన్నోడు బద్ధకస్తుడు. రోజూ తిట్లన్నీ వాడికే. ఎక్కినంతసేపూ ఈ పంచాయితీ నడిచేది. వెనక నడుస్తున్న నాకు ఒక్కోసారి నవ్వాగక బరువు జారిపోయేది. ఎక్కడ నేర్చావురా అంటే చెప్పాడు. చిన్నప్పుడు పెద్ద జబ్బు చేసి చాలాకాలం మంచం మీదున్నాడట. లేచేసరికి కాళ్ళు పనిచెయ్యలేదు. వాళ్ళమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్ళేది. వాణ్ణి కూడా తీసుకెళ్ళి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టు దాకా ఇలా కాళ్ళని పేరుపెట్టి పిలుస్తూ నడిపించేదట. "ఆదివారం చర్చిలో కూడా ప్రార్థన మానేసి నా కాళ్ళతోనే మాట్లాడేదండీ మా అమ్మ" అన్నాడు.

నర్సింగ్ రూలు ఉత్తది కాదు. పైనున్న కాపలా పోస్టుకి సరుకులు మోసే మూడో ట్రిప్పులో వంటవాడి పప్పు మధ్యలో ఆగిపోయింది. వాడి వెనకున్నవాడు ఆగాడు. నర్సింగ్ వచ్చి ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. "ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరుతున్నాయి. ఇప్పుడే కిందికి" అన్నాడు. వంటవాడు ఏడ్చాడు, నాకేం కాలేదు పైకి వస్తానన్నాడు. వినలేదు, దించేశారు. బతికాడు. వారంలో మళ్ళీ గరిటె పట్టుకున్నాడు. దాంతో ఆ గొణుగుడు మాకు చాదస్తంలా కాక ఆయుధంలా అనిపించింది.

తర్వాత ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

కిందనుంచి ఒక పెద్ద ఆఫీసరు హెలికాప్టర్లో దిగాడు. ఇస్త్రీ బట్టలు. మేం బరువులతో బయల్దేరుతుంటే కుర్చీలో కూర్చుని చూశాడు. ఎవడి పాట వాడిది కదా, గోలగోలగా ఉంది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. "వీళ్ళు సైనికులా, కూలీల గుంపా? ఈ గొణుగుడేమిటి?" అన్నాడు. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. కదలికలో మౌనం పాటించాలి.

శత్రువు వింటాడని కాదు. ఆ దారి శత్రువుకి కనపడదు, వినపడదు. చూడ్డానికి బాగాలేదని, అంతే. మా అమ్మ కూడా కూలి మనిషే. మిరపతోటలో నోరు మూసుకుని వంగమను చూద్దాం, సాయంత్రానికి నడుం విరిగిపోతుంది. మాట్లాడుకుంటారు కాబట్టే ఆ పని చెయ్యగలుగుతారు. ఈ ముక్క ఆ కుర్చీలో కూర్చున్నాయనకి ఎవరు చెప్పాలి?

నర్సింగ్ ఊరుకోలేదు. హవల్దారు దగ్గరికి వెళ్ళాడు, నేనూ వెనకే ఉన్నాను.

"ఆ మాటే నాకు థర్మామీటరు. అది లేకపోతే ఎవరికేమవుతోందో నాకు తెలియదు" అన్నాడు.

"నాకు తెలుసు, నీకు తెలుసు" అన్నాడు హవల్దారు. "రాసినాయనకి తెలియదు. ఆర్డరు ఆర్డరే. తాడుతో చూసుకోండి. ఒక్కసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే ఆగమని."

మర్నాడు పొద్దున ఐదింటికి బయల్దేరాం. గాలి తక్కువ. మంచు గట్టిగా ఉంది, బూటు దిగబడలేదు. పైనున్న పోస్టులో బేస్‌తో మాట్లాడే పెద్ద సెట్టు పాడైంది. అక్కడ ఒకడికి జ్వరం. కొత్త సెట్టు, బ్యాటరీలు రేడియో వీపు మీద ఉన్నాయి. అందరికంటే వాడి బరువే ఎక్కువ. బయల్దేరే ముందు నా చెవి దగ్గర అన్నాడు.

"చిన్నోడు ఇవాళ మారాం చేస్తాడండీ. తిట్టకపోతే కదలడు వాడు."

"లోపల తిట్టుకో" అన్నాను.

"లోపల తిడితే వింటాడా?"

అవే వాడు నాతో అన్న ఆఖరి మాటలు.

నడిచాం. ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు ఆ దారి. నా కండక్టరు గొంతు లోపలే ఉండిపోయింది. స్టేజీలు రావడం మానేశాయి. ముందు వాడి వీపు, సెట్టు పెట్టె, తాడు. ముఖం కనపడదు. మంకీ క్యాపు, దానిమీద ముఖం గుడ్డ, నల్ల కళ్ళద్దాలు. మలుపు మలుపుకీ తాడు లాగాను. ప్రతిసారీ జవాబొచ్చింది, ఒక్క లాగు. బాగున్నాను. మళ్ళీ లాగాను. బాగున్నాను. రాతి మలుపు దగ్గర హవల్దారు చేతిలోని చిన్న సెట్టు గరగరలాడింది.

"ఎక్కడున్నారు?" పోస్టు అడిగింది.

"రాతి మలుపు దాటాం. అందరూ బాగున్నారు."

తాడుతో అబద్ధం చెప్పడం తేలిక. గొంతుతో కష్టం. రేడియో ఆ అబద్ధం ఎందుకు చెప్పాడో కూడా నాకు తెలుసు. పైన జ్వరంతో ఒకడున్నాడు, సెట్టు తన వీపు మీదుంది, పోస్టు కళ్ళకి ఆనుతోంది. ఇంకొంచెం, ఇంకొక్క అడుగు అని మనసు తరుముతుంది. మీ వీడియోల్లో చెప్పేది అదే కదా, ఒళ్ళు ఆగమన్నా మనసు ఆగొద్దంటుందని? వాడి మనసు ఆగలేదు. వాడిలాంటి గట్టి మనసు నేను మళ్ళీ చూడలేదు. పైకి మాట్లాడి ఉంటే సగం దారిలోనే గొంతు పట్టేసేది. నేను ఆగేవాణ్ణి. నర్సింగ్ తిట్టి దించేసేవాడు. వాడు కూడా వంటవాడిలా ఏడ్చేవాడు. ఏడ్చి బతికేవాడు.

పోస్టు గోనెసంచుల గోడ కనపడే ఏటవాలు మీద రేడియో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత పక్కకి ఒరిగాడు. నర్సింగ్ వెనకనుంచి ఎగశ్వాసతో వచ్చాడు. ఇద్దరం కలిసి ముఖం గుడ్డ విప్పాం. ఆ ముఖం సంగతి ఇప్పుడు చెప్పలేను.

సెట్టు పైకి వెళ్ళింది. పోస్టు బేస్‌తో మాట్లాడింది. ఆ కొత్త సెట్టు మీద వెళ్ళిన మొదటి కబురు అది మోసినవాడి గురించే. హెలికాప్టరు అడిగాం. కింద లోయలో మబ్బు దిగింది, రాలేమన్నారు. స్ట్రెచరు మీద దించడం మొదలుపెట్టాం. దించేటప్పుడు నర్సింగ్ పెద్దగా మాట్లాడుతూనే ఉన్నాడు, "నాతో మాట్లాడు, నాతో మాట్లాడు" అని. మౌనం పాటించమని ఎవరూ అనలేదు. రాతి మలుపు దగ్గర నర్సింగ్ గొంతు ఆగిపోయింది. మాకు అర్థమైంది.

వీడ్కోలు పరేడులో సంతాప సందేశం చదివారు. "చివరి క్షణం వరకు ఒక్క మాట మాట్లాడకుండా, అచంచలమైన క్రమశిక్షణతో..." అని ఉంది అందులో. నర్సింగ్ నా పక్కనే నిలబడ్డాడు. పరేడయ్యాక నాతో ఒకటే అన్నాడు. "మెచ్చుకుంటున్నారు చూడు. మనిషిని చంపిన దాన్నే మెచ్చుకుంటున్నారు." ఆ మౌనం ఆర్డరు మాత్రం కొద్దిరోజులకి చడీచప్పుడూ లేకుండా పక్కకి పోయింది. ఎందుకు తీశారో ఎవరూ రాయలేదు.

కొండ మీద మా డ్యూటీ టూరు అయిపోయింది. సెలవు మీద ఊరొచ్చాను. ముందు రెడ్డిగూడెం వెళ్ళాను. వాళ్ళమ్మ తోటలోంచి అప్పుడే వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఉంది. కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చివర్లో మావాడు ఏమన్నా అన్నాడా నాయనా?"

"మాట బయటికి రాలేదమ్మా. మాట్లాడొద్దని ఆర్డరు ఇచ్చారు."

"ఆర్డరా?" ఆమెకి అర్థం కాలేదు. "వాడి కాళ్ళతో వాడు మాట్లాడుకుంటాడు. దానికి ఎవరికేం నొప్పంట?"

గ్లాసు కింద పెట్టి లేచాను. సర్వీసు పూర్తయి వచ్చేసి కూడా కొన్నేళ్ళయింది. అందంగా ఉండాలని మనిషి నోరు మూయించినవాళ్ళ మీద నా కోపం చల్లారలేదు. చల్లారాలని నేను అనుకోవడం కూడా లేదు.

మొన్న తిరువూరు గ్రౌండులో పోలీసు, ఆర్మీ సెలక్షన్లకి పరుగు నేర్పే కోచ్ ఒకాయన నన్ను ఆపాడు. ఎండెక్కింది. ట్రాక్ మీద ముప్ఫై మంది దాకా పరిగెడుతున్నారు, ఆడపిల్లలూ మగపిల్లలూ. ఈయన విజిల్ పట్టుకుని అరుస్తున్నాడు. "నోళ్ళు మూసుకుని పరిగెత్తండ్రా! మాట్లాడితే దమ్ము పోద్ది!" అని. నన్ను చూసి అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"సార్ మిలిటరీలో చేశారు. ఒక రెండు మోటివేషన్ ముక్కలు చెప్పండి సార్."

చెప్పాను. "నోరు మూసుకోకండి. మీతో మీరు మాట్లాడుకుంటూ పరిగెత్తండి, పక్కవాళ్ళకి వినపడేలా. పక్కవాళ్ళ మాట ఆగిందంటే మీరూ ఆగండి. మీకు మాట రావడం లేదంటే కూర్చోండి. సిగ్గుపడకండి."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కోచ్ ఇబ్బందిగా నవ్వాడు.

"అదేంటి సార్, మోటివేషన్ చెప్పమంటే ఆగమంటారేంటండీ?"

అందరూ నవ్వారు. నాతో ఫోటో దిగారు. విజిల్ మోగింది. నోళ్ళు మూసుకుని మళ్ళీ పరుగందుకున్నారు. నేను గోడ పక్కన నిలబడి వాళ్ళ కాళ్ళు చూడలేదు, నోళ్ళు చూశాను. ఎప్పుడూ అంతే, నాకు నోళ్ళే కనపడతాయి.

ఆరోజు ఏటవాలు మీద ముఖం గుడ్డ విప్పినప్పుడు రేడియో కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ముఖం నీలంగా ఉంది. కాళ్ళు మంచులో చాపి ఉన్నాయి, కదలడం లేదు. పెదాలు కదులుతున్నాయి. నేను వంగి చెవి ఆనించాను. చప్పుడు లేదు. ఆర్డరు తప్పలేదు వాడు. పెదాలు చూసి పోల్చుకున్నాను. పెద్దోడా, నువ్వెయ్. కొంచెంసేపు ఆగి, చిన్నోడా, నీ వంతు. మళ్ళీ, పెద్దోడా.