పేరయ్య రెండోసారి పోయిన రోజు

నా నవ్వు మూలంగా ఒక మనిషి నాతో పన్నెండేళ్ళు మాట్లాడలేదు. ఆ మనిషి ఎవరో పరాయి వాళ్ళయితే ఊరుకుందును. మా వదినగారు, అంటే మా ఆవిడకి సొంత అక్క. ఆ తప్పు దిద్దుకోవడానికి మళ్ళీ అదే హాల్లో, అదే సీను ముందు, అదే వరసలో కూర్చుని నేను వెలగబెట్టిన నిర్వాకం ఇప్పుడు చెప్పబోతున్నాను. మీరు హాయిగా నవ్వుకోండి. మీ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, నా నవ్వంత ప్రమాదకరమైతే కాదు.

ఎండాకాలంలో బోరింగు పంపు కొట్టారా ఎప్పుడైనా? ముందు మూడుసార్లు పొడిగా కీచుమంటుంది. ఇక నీళ్ళు రావులే అని మీరు బిందె తీసేయబోయేలోగా భళ్ళున పడుతుంది. నా నవ్వూ అంతే. కీచు, కీచు, కీచు, ఆ తర్వాత భళ్ళు. మా నాన్న నన్ను సినిమాకి తీసుకెళ్ళడం మానేసింది అందుకే. నేను లెక్కల మాస్టారిని. రేపల్లె పక్కన నగరం అనే ఊళ్ళో ఉద్యోగం, రేపల్లెలో కాపురం. క్లాసులో నవ్వొస్తే బోర్డు వైపు తిరిగి నిలబడతాను.

డిగ్రీలో నా స్నేహితుడు బాజీ. తెనాలిలో కేబుల్ టీవీ వాళ్ళకి 'పెంకుటింటి పేరయ్య' అనే కామెడీ సీరియల్ తీసేవాడు. ఫంక్షన్ హాలు స్టేజీ మీద ఇంటి సెట్టు వేసి, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ళ నవ్వులతో సహా రికార్డు చేసేవాడు. జనమంటే ఎవరనుకున్నారు? వాడి చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు, మిరపకాయ బజ్జీలు పెడతానంటే వచ్చే నాలాంటి వాళ్ళూను. పేరయ్య పరమ పిసినారి. ఆ వేషం టైలర్ కోటేశ్వరరావు గారిది. పేరయ్య భార్య సుందరమ్మ వేషం బాపట్ల నుంచి వచ్చే ఎస్తేరు గారిది. క్రిస్మస్ నాటకాల్లో చిన్నప్పటి నుంచీ మరియమ్మ వేషం వేసి చర్చి మొత్తాన్ని ఏడిపించిన మనిషి. సీరియల్లో మాత్రం పాపం ఆవిడ పనల్లా తలుపు దగ్గర నిలబడి "ఏవండీ, మళ్ళీ చుట్టాలొచ్చారు" అనడమే.

అలాంటి ఆవిడకి ఒక ఎపిసోడ్‌లో అదృష్టం పట్టింది. తిష్ఠ వేసిన చుట్టాలను వదిలించుకోవడానికి పేరయ్య చచ్చిపోయినట్టు నటిస్తాడు. అది నటనని సుందరమ్మకు తెలియదు. నిజంగానే పోయాడనుకుని, మీద పడి శోకాలు పెడుతుంది. మొత్తం సీరియల్లో ఎస్తేరు గారికి దక్కిన ఒకే ఒక్క ఏడుపు సీను అది. అది చూడటానికి వాళ్ళ నాన్నగారినీ, చెల్లెల్నీ కూడా బాపట్ల నుంచి పిలిపించుకుంది.

నేను ముందు వరసలో, ఎడమ వైపు చివరి కుర్చీలో కూర్చున్నాను. పేరయ్యను చాప మీద పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు కట్టారు, ముక్కులో దూది పెట్టారు. సుందరమ్మ వచ్చి గుండెలవిసేలా శోకం అందుకుంది. హాల్లో ఆడవాళ్ళు కొంగులు తీశారు. కెమెరా ఆవిడ ముఖం మీదుంది. ఆవిడ ఒక్కసారిగా పేరయ్య ఛాతీ మీద వాలింది. ఆ బరువుకి ఆయన లోపలున్న గాలి కాస్తా ముక్కులోంచి తన్నుకొచ్చింది. దూది ఎగిరి చాప పక్కన పడింది.

అది పడితే పడింది. పోయినాయన ఏం చేయాలి? పోయినట్టే ఉండాలి కదా? ఉండలేదండీ. కళ్ళు మూసుకునే మెల్లగా చెయ్యి చాపాడు, చాప పక్కన తడుముకున్నాడు, దూది తీసి జాగ్రత్తగా ముక్కులో పెట్టుకుని, చెయ్యి మళ్ళీ యథాస్థానంలో పెట్టుకున్నాడు. నా కుర్చీలోంచి తప్ప అది ఎవరికీ కనబడలేదు. కీచు, కీచు, కీచు, భళ్ళు.

ఇంక ఆ హాలు ఆగలేదు. నా నవ్వు చూసి ముందు వరస, ముందు వరసను చూసి వెనక వరస. కొంగులు తీసిన ఆడవాళ్ళు అవే కొంగులు నోట్లో కుక్కుకున్నారు. స్టేజీ మీద ఎస్తేరు గారు ఒక్కరే నిజం కన్నీళ్ళతో మిగిలిపోయింది. మళ్ళీ తీద్దామంటే హాలు ఖాళీ చేయాలి, రిసెప్షన్‌కి పూలు కట్టేవాళ్ళు అప్పటికే నిచ్చెనలేసుకుని నిలబడ్డారు. ఎపిసోడ్ అలాగే టీవీలో వచ్చేసింది, పైగా నా నవ్వు వల్లే మోగిపోయింది. రేపల్లె బస్టాండులో నా నవ్వు ఫోన్లలో రింగ్‌టోన్‌గా వినబడేది. ఎస్తేరు గారిని మాత్రం జనం 'నవ్వుల శోకం ఆవిడ' అనడం మొదలుపెట్టారు. ఆవిడ మళ్ళీ ఎక్కడా ఏడుపు వేషం ఒప్పుకోలేదు.

దూది సంగతి నేను ఎందరికి చెప్పినా ఎవరూ నమ్మలేదు. కోటేశ్వరరావు గారైతే ఖరాఖండిగా చెప్పేశారు. "చచ్చినోణ్ణి బాబూ! దూది నేనెట్టా పెట్టుకుంటాను?"

ఇక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాత నాకో సంబంధం వచ్చింది. బాపట్లలో, మంచి కుటుంబం, పెద్దాయన రిటైర్డ్ హెడ్‌మాస్టారు. వెళ్ళి కూర్చున్నాను. కాఫీ ట్రే పట్టుకుని వచ్చినావిడను చూసి నాకు చెమటలు పట్టాయి. ఎస్తేరు గారు!

"నాన్నా, ఈయనా?" అంది ట్రే దించకుండానే.

నా పెళ్ళి ఆ ట్రేలోనే చల్లారిపోయేది. ఆదుకున్నది పెళ్ళికూతురు సలోమి. "నవ్వేవాడే కదక్కా, ఏడిపించేవాడు కాదుగా" అంది.

పెళ్ళయింది. వదినగారు నాతో మాట్లాడటం మాత్రం కాలేదు. నేను కంచం ముందు కూర్చునే ఉంటాను, ఆవిడ గరిటె పట్టుకుని నా నెత్తి మీదే నిలబడి ఉంటుంది. అయినా మాట మాత్రం వంటింట్లో ఉన్న మా ఆవిడతోనే. "సలోమీ, మీ ఆయనకి పప్పు వేయనా?"

"వేయమను" అని నేనూ వంటింటి వైపు తిరిగి చెప్పేవాణ్ణి.

ఆ ఇంట్లో నా నవ్వు నచ్చిన ఏకైక మనిషి మామయ్యగారు. "ఏదయ్యా, ఓసారి కొట్టు ఆ బోరింగు" అని అడిగి మరీ నవ్వించుకునేవారు. నేను ఎప్పుడు బాపట్ల వెళ్ళినా బస్సు దిగేసరికి బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడి ఉండేవారు. "నీ కోసం కాదులే, ఊరికే ఇటొచ్చాను" అనేవారు. ఎన్నిసార్లు వెళ్ళినా ఆయన ఊరికే ఇటొచ్చేవారు.

ఆయన పోయిన రోజున సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, నా గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. కీచు, కీచు, కీచు. భళ్ళుమనేలోగా చేతిరుమాలు నోట్లో కుక్కుకుని గోడ అవతలికి పరుగెత్తాను. నేను నవ్వలేదని మొత్తుకున్నా వినేదెవరు? మూడు ఊళ్ళలో రింగ్‌టోన్ అయిన శబ్దం కదా. అప్పటిదాకా సలోమి ద్వారా మాట్లాడిన వదినగారు, ఆ తర్వాత సలోమి ద్వారా కూడా మాట్లాడలేదు.

ఇలా ఉండగా బాజీ ఫోన్ చేశాడు.

"ఒరేయ్ ప్రభాకర్, పేరయ్య మళ్ళీ పోతున్నాడ్రా!"

"కోటేశ్వరరావు గారికి ఏమైందిరా?" అన్నాను కంగారుగా.

"ఆయనకేం, దుక్కలా ఉన్నాడు. పాత ఎపిసోడే మళ్ళీ తీస్తున్నాం. కాకపోతే అది పాతదని ఈసారి అందులో వాళ్ళకి కూడా తెలుసు."

"తెలిస్తే పేరయ్య పోయాడని ఎవరు నమ్ముతార్రా?"

"అదే కదరా కామెడీ! చుట్టాలొచ్చి 'ఈ ఎపిసోడ్ మేం చూశాం బావా, ఇంక లే' అంటారు. పక్కింటాయన 'పోయినసారి ఏడుపు బాగుంది, ఈసారి అంత లేదు' అంటాడు. సుందరమ్మకి ఒక్కదానికే అనుమానం, ఈసారి నిజంగా పోయాడేమోనని. శోకం పెడుతుంది. నువ్వు నవ్వుతావు. ఆవిడ ఏడుపాపి, 'అప్పుడు నవ్వింది కూడా వీడే!' అని నిన్ను చూపిస్తుంది. హాలు లేచిపోద్దిరా!"

"మా వదినగారు ఒప్పుకుందా?"

ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఆ షరతు చెప్పడానికి చాలాకాలం తర్వాత మా ఇంటికొచ్చింది. నేను ఎదురుగానే ఉన్నాను. "సలోమీ, మీ ఆయనకి చెప్పు. నా శోకం అంతా అయ్యేదాకా కిక్కురుమనకూడదు. అయ్యాక బాజీ ఎర్ర తువ్వాలు ఊపుతాడు. అప్పుడు తెల్లార్లూ నవ్వుకోమను. ఈసారి గానీ మధ్యలో నవ్వాడా, ఇక నేను నీ గడప తొక్కను, నువ్వు నా గడప తొక్కొద్దు."

ఆవిడ వెళ్ళాక సలోమి నా చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, నాన్న పోయాక నాకు పుట్టిల్లంటే అక్కే. మీ కాళ్ళు పట్టుకుంటాను, నవ్వకండి."

నాకు నిజంగా భయమేసింది. అద్దం ముందు కూర్చుని నవ్వకుండా ఉండటం సాధన చేశాను. నవ్వొస్తే మనసులో పదిహేడో ఎక్కం చదువుకోవాలని నిర్ణయించుకున్నాను. పదిహేడో ఎక్కం చదువుతూ నవ్విన మనిషి ఇంతవరకు పుట్టలేదు.

రికార్డింగు రోజు హాలు కిటకిటలాడింది. బాజీ నన్ను అదే చివరి కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్కన సలోమి, నన్ను గిల్లడానికి వేళ్ళు సిద్ధంగా పెట్టుకుంది. జనం స్టేజీని చూడటం మానేసి నన్నే చూస్తున్నారు. వెనక నుంచి ఒకాయన "ఆయనే, ఆయనే" అని వాళ్ళావిడకి చూపిస్తున్నాడు. చాప మీద పేరయ్య, ముక్కులో దూది. నేను ఆ దూది వైపు చూడకుండా పదిహేడు మూళ్ళు యాభై ఒకటి అనుకుంటూ వదినగారినే చూస్తున్నాను.

ఆవిడ శోకం మొదలుపెట్టింది. మాటలు కొత్తవి, తనే మార్చుకుంది. "ఎండలో గొడుగేసుకుని బస్టాండులో నిలబడేవాడివయ్యా..." అంది. నా ఎక్కం పదిహేడు ఆర్ల దగ్గర తప్పిపోయింది. "నా కోసమా అంటే, కాదే, ఊరికే ఇటొచ్చాననేవాడివయ్యా... ఇప్పుడు నేను బస్సు దిగితే ఊరికే ఎవరొస్తారయ్యా..."

అంతే. పేరయ్య లేడు, సీరియల్ లేదు. గొడుగు పట్టుకుని నిలబడ్డ మామయ్యగారు కనబడ్డారు. ఆయన లేని బస్టాండులో నేను ఒక్కణ్ణే దిగిన రోజు గుర్తొచ్చింది. గుండెల్లోంచి దుఃఖం తన్నుకొచ్చింది. అది నా గొంతులో ఎలా పలికిందంటారా?

కీచు. కీచు. కీచు. భళ్ళు!

"వచ్చిందిరా నవ్వు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా ఈలలు, చప్పట్లు. సలోమి నన్ను గిల్లుతూనే ఉంది, గిల్లిన కొద్దీ నా ఏడుపు ఎక్కువై ఇంకా గట్టిగా భళ్ళుమంటోంది. బాజీ ఊపని ఎర్ర తువ్వాలు చేతిలో పట్టుకుని నెత్తి కొట్టుకుంటున్నాడు. వదినగారు శోకం ఆపేసింది. కొంగు బిగించి, స్టేజీ మెట్లు దిగి, సరాసరి నా మీదికొచ్చింది. చెంప దెబ్బకి సిద్ధమై కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు.

"ఏంటిది?" అంది. పన్నెండేళ్ళలో నాతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"ఏడుపండీ వదినగారూ" అన్నాను కీచుల మధ్య.

"ఇది ఏడుపా?"

"నాకు ఇలాగే వస్తుందండి. మామయ్యగారు... గొడుగు..."

ఆవిడ నా చెంప మీద వేలు పెట్టి చూసింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "సలోమీ, ఇలా చూడవే, నిజం నీళ్ళే!" మళ్ళీ నా వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గింది. "అయితే నాన్న సమాధి దగ్గర?"

"అదీ ఏడుపేనండి. సలోమితో చెప్పాను, నమ్మలేదు."

"ఎట్టా నమ్ముతానక్కా?" అంది సలోమి కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వయితే నమ్ముతావా?"

వదినగారు అక్కడే, జనం మధ్యలో, కాసేపు ఏడ్చింది. ఇంతలో ఆవిడకి ఇంకో సంగతి తట్టింది. ఆశగా నా ముఖంలోకి చూసింది. "అయితే మొట్టమొదటిసారి, నా సీనులో కూడా మీరు ఏడ్చారా?"

అవునంటే పోయేది. సలోమి నా కాలు తొక్కింది. కెమెరా వెనక నుంచి బాజీ అవునను అవునను అని తల ఊపుతున్నాడు. కానీ అంతసేపు నిజం చెప్పిన నోరు అలవాటు కొద్దీ ఇంకో నిజం కూడా చెప్పేసింది.

"లేదండీ. అప్పుడు నవ్వానండి. ఈయన దూది..."

"మళ్ళీ మొదలెట్టాడండీ!" అని పేరయ్య గారు చాప మీద లేచి కూర్చున్నారు. "ఇన్నేళ్ళ నుంచి నా మీద ఇదే అభాండం! చచ్చినోడు దూది ఎట్టా పెట్టుకుంటాడమ్మా? మీరే చెప్పండి, ఎట్టా..."

ఆవేశంలో దూది ఎగిరింది. మాట ఆగకుండానే ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి, చాప పక్కన తడిమి, దూది తీసి ముక్కులో పెట్టుకుంది. హాలు హాలంతా చూసింది. కెమెరా చూసింది. వదినగారు చూసింది.

ఆవిడ నవ్విన నవ్వు మీరు టీవీలో చూసే ఉంటారు. కూలబడి, నా కుర్చీ కోడు పట్టుకుని నవ్వింది. బాజీ ఒక్క ముక్క కత్తిరించకుండా అంతా వేసేశాడు. పాత ఎపిసోడ్‌ని జనం మరిచిపోయారు.

ఇప్పుడు మేం బాగా మాట్లాడుకుంటున్నాం, ఒక రకంగా. మొన్న బాపట్ల వెళితే బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. "సలోమీ, మీ ఆయనతో చెప్పు, నేను ఊరికే ఇటొచ్చానని" అంది. పాత అలవాటు పోలేదు. ఆ రోజు సలోమి నా వెంట రానే లేదు.

ఆ ప్రేమతోనే నాకు కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. చుట్టాల్లో ఎవరు పోయినా నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. ప్రార్థనకి ముందు లేచి నిలబడి, "మా మరిదిగారికి దుఃఖం వస్తే నవ్వులా ఉంటుంది. ఎవరూ అపార్థం చేసుకోవద్దు" అని గంభీరంగా ప్రకటిస్తుంది. అది వినగానే పోయినవాళ్ళ పిల్లలతో సహా అందరూ నవ్వుతారు. నాకు తప్ప ఎవరికీ ఏడుపు రాదు.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఇకమీదట నేను మనుషుల మధ్య ఏడవను. మరీ తప్పకపోతే రేపల్లె నుంచి తెనాలి ప్యాసింజరు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, బండి కూత వేసినప్పుడు మాత్రమే ఏడుస్తాను. ఎదుటి సీటాయన "ఏం జోకు మాస్టారూ, మాకూ చెప్పండి" అని అడిగితే, దూది సంగతి చెబుతాను.