బలమంతా పిప్పిలోనే ఉందన్నారు

మా ఇంట్లో చలికాలం కాచే పండ్ల రసాన్ని మా చుట్టాలు ఇప్పటికీ మామగారి కషాయమనే అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన పొయ్యి ముట్టించగా నేను ఏనాడూ చూడలేదు. చేసింది నేను, నాకు నేర్పింది మా అత్త. బడిలో పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని, ఏ రోజు సంగతి ఆ రోజు రాసుకునేదాన్ని, ఈ ఒక్కటి తప్పుగా చెలామణి అవుతుంటే ఊరుకోలేను.

పందొమ్మిది వందల నలభైల మొదట్లో నేను బాన్సువాడకు కోడలిగా వచ్చాను. మామ కచేరీ పని మీద హైదరాబాదు పోయినప్పుడల్లా బుట్టెడు సేపు పండ్లు తెచ్చేవాడు. ఇప్పుడు అందరూ యాపిల్ అంటున్నవే. బస్సు కుదుపులకు కొన్ని దెబ్బతినేవి. మంచివి, పొలాల లెక్కలు తనిఖీ చేసే అధికారి గిర్దావరు సాబు కోసమని అల్మారాలో పెట్టి అత్తతో తాళం వేయించేవాడు. దెబ్బతిన్నవి మాకు.

మచ్చలు కోసేసి, తొక్క ఉంచి ముక్కలు చేయాలి. శొంఠి, దాల్చినచెక్క, లవంగాలు దంచి వేసి సన్నసెగ మీద కాచాలి. మా చెరుకు బెల్లం చివర్నే వేయాలి, ముందు వేస్తే ముక్క మెత్తబడదు. తర్వాత పలుచటి బట్టలో పిండాలి.

పిండిన రసం మామకు, ఆయన తమ్ముడికి. బట్టలో మిగిలిన పిప్పి మా ఇద్దరికి. ఊరి పక్క కాలువ మీది చలిగాలికి అత్తకు సాయంత్రమైతే ఊపిరి సలపని దగ్గు. ఆ వేడి రసం కావలసింది ఎవరికి?

ఒకరోజు ఆగలేక అడిగాను. "అత్తా, నీకొక గిలాస తీసిపెట్టనా?"

కుంపటి దగ్గరి నుంచి మామ విన్నాడు. "రసంల ఏమున్నదే, నీళ్లు. బలమంతా పిప్పిలనే ఉంటది. అసలుది తినేది మీరే" అన్నాడు. తమ్ముడు నవ్వాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంది.

మర్నాడు రసమంతా పిండి, నిండు గిలాస అత్త చేతిలో పెట్టాను. పిప్పిని రెండు గిన్నెల్లో సర్ది మగవాళ్ల ముందుంచి, తలుపు చాటుకు వచ్చాను.

"ఏమే, గిదేంది?" అన్నాడు మామ.

అత్త ముందు ఒక గుక్క తాగింది. ఇంకొకటి తాగింది. "బలమంతా పిప్పిలనే ఉన్నదని నిన్న నువ్వే అంటివి గదా. కోడలు నీ మాట ఇన్నది. తిను."

"ఇగ తిను, అన్నా, బలమొస్తది" అన్నాడు తమ్ముడు.

మామ నవ్వలేదు. తీర్పు చెప్పినట్టు, "రేపటి సంది నీళ్లెక్కువ పొయ్యుమను. అందరికొస్తది" అన్నాడు.

నీళ్లట. అల్మారా నిండా పండ్లు పెట్టుకుని, దగ్గే భార్యకు ఆయన చేయగలిగిన దయ నీళ్లు.

అత్త గిలాస ఖాళీ చేసింది. కొంగున కట్టుకున్న అల్మారా తాళంచెవి విప్పి నా చేతికిచ్చింది.

"దెబ్బ తగలనియి చూసి తియ్యి" అంది, ఆయనకు వినపడేటట్టే.

ఆ చలికాలం గిర్దావరు సాబు ఇంటికి మా దగ్గరి నుంచి సేపు పండ్లకు బదులు చెరుకు గడలు పోయాయి.